నాలుగు రోకళ్ల క.సా.గు.

బొగ్గులవాడలో గిన్నెలు మోగడం ఎవరికీ వింత కాదు. ఊరి కింద నాలుగు మూలలా నాలుగు ఇనప రోకళ్లు భూమిని దంచుతుంటాయి. ఏ రోకలి పడినా ఆ వాడలో గూట్లోని గిన్నెలు చిన్నగా గలగలమంటాయి. కొత్తగా వచ్చిన చుట్టాలు ఉలిక్కిపడితే ఊరివాళ్లు నవ్వి, వారం రోజులు పోతే అదే అలవాటవుతుందంటారు. నవ్వుతారే గాని, ఆ మోత ఆగిన పూట ఊరు ఉండదని వాళ్లందరికీ తెలుసు.

సోమవారం పొద్దున ఎనిమిది కావస్తుండగా సరోజన మామిడికాయ తొక్కు జాడీ గూట్లోంచి జారి భళ్లున పగిలింది. సరోజన ఏడ్చినంత పని చేసింది. ఆమె ఆడబిడ్డ స్వరూప మాత్రం చాయ్ గ్లాసు పట్టుకుని కదలకుండా నిలబడిపోయింది. ఆమె చెవిన పడింది జాడీ చప్పుడు కాదు. తాముంటున్న మూల కాక ఊరికి మిగతా మూడు మూలల నుంచీ మూడు మోతలు ఒకే క్షణంలో వచ్చాయి.

"ఇట్ల మోగుడు ఇదే మొదలా వదినె?" అని అడిగింది స్వరూప.

"ఏడ మొదలు? రెండు మూడు రోజులకోసారి గిట్లనే మోగుతది. ఆ గోడ సూడు, ఎట్ల పలిగిందో," అంది సరోజన పెంకులు ఏరుతూ.

స్వరూప గోడ చూసింది. అటకనుంచి గడపదాకా పగులు దిగింది. మూడు రోకళ్లు కలిసి పడాలంటే తక్కువలో తక్కువ నాలుగున్నర నెలలు పట్టాలి. రోకళ్లు మొదలుపెట్టి ఇంకా మూడు నెలల పైచిలుకే అయింది. ఇంతవరకు ఒక్కసారి కూడా జరగకూడనిది వారానికి రెండుసార్లు జరుగుతోందంటే, ఎక్కడో లెక్క తప్పింది. ఆ లెక్క కట్టింది స్వరూపే.

ఆమె వరంగల్లో డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతుంది. వేసవి సెలవులిచ్చారని ముందురోజే అన్న ఇంటికి వచ్చింది. అన్న ఓదెలు, ఈ రోకళ్లను భూమిలోకి దించిన ముఠాకు పెద్ద. అన్నాచెల్లెళ్లు ఒకే పనిలో చేరడం వాళ్లమ్మ బతికుంటే ఎంత మురిసేదో అని సరోజన వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది.

ఈ రోకళ్ల సంగతి ఏమిటంటే, బొగ్గులవాడ కింద మూడు తరాలవాళ్లు బొగ్గు తవ్వి, తవ్విన చోటు నింపకుండా వదిలేశారు. ఊరు డొల్లమీద నిలబడింది. ఇళ్లు కుంగడం మొదలైనప్పుడు డాక్టర్ కామేశం అనే శాస్త్రవేత్త వచ్చి, ఊరి పక్కనే ఒక పరిశోధనశాల పెట్టి, ఒక బూడిదరంగు జావ తయారుచేశాడు. దాన్ని దెబ్బ కొడుతూ ఉన్నంతకాలం అది రాయి. పడాల్సిన వేళకు దెబ్బ పడకపోతే మెత్తబడుతుంది, అరగంట పడకపోతే నీరు. ఆ జావను డొల్లలన్నిటా నింపి, నాలుగు మూలలా నాలుగు రోకళ్లు దించారు. డొల్ల ఎంత వెడల్పుంటే అక్కడ రోకలి అంత తరచుగా పడాలి.

అయితే ఒక చిక్కుంది. ఒకే రోట్లో ఇద్దరు దంచుతున్నప్పుడు ఒక రోకలి లేస్తుంటే ఒకటి పడాలి గాని, రెండూ ఒక్కసారే పడితే రోలు పగులుతుంది. కామేశం అది స్వరూపకు గాజు తొట్టెలో చూపించాడు. జావ నిండిన తొట్టెమీద ఇటుక పెట్టి, చుట్టూ నాలుగు చిన్న సుత్తులు అమర్చాడు. రెండు సుత్తులు కలిసి పడితే ఇటుక అదిరింది. మూడు పడితే జావమీద సన్నటి గీత లేచింది. నాలుగూ పడేసరికి ఇటుక కనబడలేదు. అక్కడ ఇటుక ఉండేదని చెప్పడానికి ఒక బుడగ మాత్రం పైకి వచ్చింది. స్వరూప ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేకపోయింది.

అందుకే ఆమె నాలుగు ప్రధాన సంఖ్యలు ఏరి ఇచ్చింది. నూట పదమూడు సెకన్లకు ఒకటి, రెండు వందల పదకొండుకు ఒకటి, అయిదు వందల తొమ్మిదికి ఒకటి, పదకొండు వందల పదిహేడుకు ఒకటి. ఒకటి తప్ప, ఒకదాన్ని భాగించే అంకె ఇంకోదాన్ని భాగించదు. కాబట్టి నాలుగూ ఒకసారి కలిస్తే, మళ్లీ కలవడానికి నాలుగింటి లబ్ధమన్ని సెకన్లు పట్టాలి. పదమూడు వందల యాభై అయిదు కోట్ల అరవై లక్షల తొమ్మిది వేల నూట డెబ్భై తొమ్మిది. అంటే నాలుగు వందల ఇరవై తొమ్మిదేళ్లు. అప్పటికి మనిషి ఇంకేదో మంచి ఉపాయం కనిపెట్టకపోతాడా అన్నాడు కామేశం.

ఆ పెద్దంకె అంటే స్వరూపకు ముద్దు. దాన్ని కనుక్కున్న రోజు అన్న ఇంట్లో భోజనానికి కూర్చుని, అంత పెద్ద అంకెకు కారణాంకాలు పదహారంటే పదహారే అని గొప్పలు పోయింది. చుట్టాలు తక్కువున్న అంకె ఎవరింటికీ తొందరగా రాదు, అదే దాని గొప్ప అంది. మిగతాది ఓదెలు విన్నాడో లేదో గాని, పదహారన్న మాట దగ్గర అతని ముఖం విప్పారింది.

"పదహారా? అయితె మంచి అంకెనే," అన్నాడు.

ఓదెలు ఎవరికి ఏమిచ్చినా పదహారుకు తక్కువ ఇచ్చేవాడు కాదు. చెల్లెలికి ఉద్యోగం వచ్చినప్పుడు పదహారు జామకాయలు మూటగట్టి తెచ్చాడు. పెళ్లిలో చదివింపులు నూట పదహార్లు. ఉత్త అంకె ఇస్తే ఇచ్చినట్టు కాదంటాడు. పది జామకాయలడిగితే పదహారిచ్చే అన్న దొరకడం నా అదృష్టమని స్వరూప వెక్కిరించేది.

ఇప్పుడామె పెంకులు ఏరుతున్న వదినెను వదిలి వాకిట్లోకి వచ్చి, ఫోనులో గడియారం పెట్టుకుని కూర్చుంది. వాళ్ల ఇల్లున్న ఎనిమిదో గని కాలనీ కింద ఉన్నది అన్నిటికంటే నెమ్మదైన రోకలి. పదకొండు వందల పదిహేడు సెకన్లది. అది పడింది. ఆమె చూసింది. మళ్లీ పడింది. పదకొండు వందల పదహారు. ఫోను తప్పేమోనని ఇంకోసారి చూసింది. పదకొండు వందల పదహారే.

ఓదెలు డ్యూటీ దిగి వచ్చి బూట్లు విప్పుతుంటే, ఆమె ఎదురుగా కూర్చుని, చక్రాలు మార్చావా అని అడిగింది. రోకలి పడే వేళను లోపలున్న పళ్ల చక్రం నడిపిస్తుంది. చక్రం ఒక చుట్టు తిరిగితే కొక్కెం విడిచి రోకలి పడుతుంది, గని నీటి ఒత్తిడి దాన్ని మళ్లీ లేపుతుంది. గనుల్లో గాలికి నిప్పురవ్వ ఆనకూడదు కాబట్టి కిందికి కరెంటు తీగ దించలేదు. చక్రాలు లేతు మిషనుమీద కోయించింది ఓదెలే.

అతను దాచలేదు. దాచాల్సిన తప్పు చేశానని అతనికి తెలియదు కూడా.

"జావ పోసెటప్పుడు ఇద్దరు పోరగాండ్లు అండ్ల పడి పోయిండ్రు గద. ఇగ మిగిలినోళ్లు దిగుతలేరు. భూమికి ఇచ్చేది ఉత్త అంకె ఇస్తే అది తీస్కోదు, మనుషులనే తీస్కుంటదని భయం. అందుకే అన్నీ పదహార్లు చేసిన. నూట పదహారు, రెండు నూర్ల పదహారు, ఐదు నూర్ల పదహారు, పదకొండు నూర్ల పదహారు. పది సెకన్లు అటిటైతె ఏం గాదని సారే అన్నడు. నువ్వు సుత పెద్దంకెకు పదహారే అంటివి."

స్వరూప పాత అంకెలకూ కొత్త అంకెలకూ తేడా చూసుకుంది. కామేశం చెప్పిందీ నిజమే. పది సెకన్ల తేడాను జావ లెక్కచేయదు. జావ సంగతి కామేశానికి తెలుసు, మనుషుల సంగతి ఓదెలుకు తెలుసు, అంకెల సంగతి తనకు తెలుసు. అంకెలు ఇచ్చింది గాని, ఒక్కటి జరిపినా కొంప మునుగుతుందని తను ఎవరికీ చెప్పలేదు. పదకొండు వందల పదిహేడుకు చుట్టమన్నదే లేదు. దాని పక్కింటి పదకొండు వందల పదహారుకు ఊరంతా చుట్టాలే. అంకెల్లో ఇరుగుపొరుగుకు పోలికే ఉండదని లెక్కలు చదివిన వాళ్లకు ఎంత మామూలు విషయమో, మిగతా వాళ్లకు అంత తెలియని విషయం.

నాలుగూ మళ్లీ కలిసే వేళ తేలాలని ఆమె నేలమీద సుద్దతో క.సా.గు. కట్టింది, ఏడో తరగతి పిల్లలు కట్టినట్టే. ఎనభై మూడు లక్షల నలభై తొమ్మిది వేల తొమ్మిది వందల పన్నెండు. ఆ అంకెకు కారణాంకాలు పదహారు కాదు, నూట ఇరవై ఎనిమిది. సెకన్లను రోజుల్లోకి మారిస్తే తొంభై ఆరు రోజులు, పైన పదిహేను గంటలు.

"నాలుగింటినీ ఎప్పుడు మొదలుపెట్టారు?" అని అడిగింది.

శుక్రవారం సాయంత్రం ఏడు ఇరవైకి, మంచి ముహూర్తం చూసి, నాలుగు చోట్లా కొబ్బరికాయలు కొట్టి, ఫోన్లో ఒకరికొకరు చెప్పుకుని ఒకే క్షణంలో తాళ్లతో కొక్కేలు విడిచి, ఆ తరువాత తలుపులు బిగించారట. అప్పటికి జావ ఇంకా డొల్లల్లో సగమే ఉంది కాబట్టి ఆ మొదటి దెబ్బ ఏమీ చేయలేదు. తలో నిమిషం ముందూ వెనకా మొదలుపెట్టి ఉంటే ఈ పదహార్లు జన్మలో కలిసేవి కావు. ముహూర్తం వాటిని కలిపింది. ఆమె వేళ్లమీద రోజులు లెక్కపెట్టి చూసుకుంది. రాబోయే గురువారం, పొద్దున పది ముప్పావు.

ఆ సాయంత్రమే అన్నాచెల్లెళ్లు ఇద్దరూ కామేశం దగ్గరికి వెళ్లారు. ఆయన ముందు నమ్మలేదు. ల్యాబులోని యంత్రాలు నేల గట్టిదనాన్ని చూపేవి గాని, దెబ్బ పడిన వేళను చూపేవి కావు. స్వరూప వాదించలేదు. మంగళవారం తెల్లవారుజామున అయిదుకు పది నిమిషాలుందనగా మూడు రోకళ్లు కలుస్తాయి, చూడండి అని చెప్పింది. అలాగే కలిశాయి. ల్యాబు కిటికీ అద్దం ఒకటి ఊడి పడింది. ఆ తరువాత కామేశం చాలాసేపు గాజు తొట్టె ముందు కూర్చున్నాడని అక్కడివాళ్లు చెప్పుకున్నారు.

తరువాతి రెండు రోజులు ఊరికి పిచ్చెక్కినట్టే గడిచింది. కామేశం పెద్ద అధికారులకు ఫోన్లు చేశాడు. వాళ్లు మీటింగు పెట్టారు. సగం ఊరు బస్సుల్లో, ఆటోల్లో వాగు దాటింది. మిగతా సగం, రోకళ్లు పడుతూనే ఉన్నాయి కదా, ఇళ్లు ఖాళీ చేయించి ఊరినే పైనుంచి తవ్వి ఓపెన్‌కాస్ట్ గని చేయాలని ఎత్తు వేశారని తేల్చేసుకుని తలుపులు వేసుకుంది. ఇంతకుముందు రెండుసార్లు అలాగే మోసపోయిన జనం కాబట్టి వాళ్లను అనడానికీ లేదు. ఆస్పత్రిలో లేవలేని వాళ్లు ఉండనే ఉన్నారు. సరోజన కూడా కదలనంది.

చక్రం మార్చాలంటే అరపూట రోకలి ఆపాలి. అరగంట ఆపినా ఆ వాడ నేలలోకి పోతుంది. మిగిలింది ఒకటే దారి. ఏదైనా ఒక రోకలిని ఒక్క దెబ్బ దగ్గర కాస్త ఆలస్యం చేస్తే, ఆ తరువాత అది ఎప్పుడూ ఆలస్యంగానే నడుస్తుంది, మిగతా వాటితో కలవదు. ఆలస్యం చేయడమంటే, కొక్కెం విడిచే వేళకు గునపం అడ్డం పెట్టి, మళ్లీ తీయాలి. పెట్టడం ఎవరైనా పెట్టొచ్చు. తీయడానికి చెయ్యి కావాలి. అదీ రోకలి గదిలో, లోపలినుంచి తలుపు బిగించుకుని. బయటినుంచి లాగే తాడు పట్టేంత సందు తలుపులో ఉన్నా దెబ్బ నేలకు తగలకుండా పైకి లేస్తుంది. బయటినుంచి తీసే పరికరం చేయడానికి తనకు పదిహేను రోజులైనా కావాలన్నాడు కామేశం. మనిషిని మాత్రం దించనన్నాడు. రోకలి పడ్డాక ఆ గదిలో ఊపిరి మిగలదు.

బుధవారం రాత్రి అన్నం తింటూ ఓదెలు మామూలుగా అడిగాడు.

"ఎంతసేపు ఆపితె సాలు చెల్లె?"

"ఒక్క సెకను చాలు. ముప్పై ఆరు మాత్రం కావొద్దు," అంది స్వరూప. పదకొండు వందల పదహారును, రెండు వందల పదహారును కలిపి భాగించే అంకెల్లో పెద్దది ముప్పై ఆరు. సరిగ్గా అంతే ఆలస్యమైతే ఇంకో తేదీకి నాలుగూ మళ్లీ కలుస్తాయి. చెప్పాక చేతిలో ముద్ద ఆపి అతనివైపు చూసింది. "ఎందుకడిగినవ్ అన్నా?"

"ఊకెనే," అని అతను మజ్జిగ పోసుకున్నాడు.

ఆమె ఆ రాత్రి వాకిట్లో మంచం వేసుకుని అన్న గడప దాటకుండా కాపలా పడుకుంది. అతను పొద్దున లేచి, స్నానం చేసి, డ్యూటీ బట్టలు వేసుకుని, గని దగ్గర సార్ రమ్మన్నాడని చెల్లెలిని వెంటబెట్టుకునే బయలుదేరాడు. పక్కనే ఉన్నాడు కదా అని ఆమె కాస్త నిమ్మళించింది. ఎనిమిదో గని దగ్గర కామేశం గడియారాలు నాలుగు బల్లమీద పెట్టుకుని కూర్చున్నాడు. నేల కదలిక తెలియాలని ఒక బకెట్టు నిండా నీళ్లు పెట్టుకున్నాడు. పది ఇరవై ఏడుకు కాలనీ రోకలి పడింది. ఇక మిగిలింది తరువాతి దెబ్బదాకా ఉన్న ఆ ఒక్క సందు. పద్దెనిమిది నిమిషాల చిల్లర. స్వరూప గడియారాలు సరిచూసి తలెత్తేసరికి అన్న లేడు. గోడకు ఆనించిన గునపమూ లేదు.

ఆమె గని మూతి దగ్గరికి పరుగెత్తింది. కింద నిచ్చెనమీద అతని టోపీ దీపం చిన్నగా కదులుతూ కనిపించింది. పిలిచింది. పైకి చూశాడో లేదో తెలియలేదు. కిందికి దిగడానికి పన్నెండు నిమిషాలు పడుతుంది, ఎక్కడానికి ఇంకా ఎక్కువ. దిగినవాడు ఆ దెబ్బలోపు తిరిగి రాలేడని ఆమెకు లెక్క కట్టకుండానే తెలిసింది. జీవితంలో మొదటిసారి ఆమెకు లెక్కంటే అసహ్యం వేసింది. కామేశం ఆమె భుజం పట్టుకుని వెనక్కి లాగాడు.

కింద తలుపు పడిన చప్పుడు వినిపించింది.

పది నలభై అయిదు దాటి పన్నెండు సెకన్లకు ఊరి మూడు మూలలా మూడు రోకళ్లు ఒక్కసారే పడ్డాయి. షెడ్డు రేకులు దడదడలాడాయి. బకెట్టులో నీళ్లు ఎగిరిపడ్డాయి. కాళ్ల కిందినుంచి మాత్రం ఏ చప్పుడూ లేదు.

ఒక సెకను గడిచింది. పడలేదు. రెండు. మూడు. ఒక్క సెకను చాలన్నాను కదా అన్నా. అయిదు. గునపం ఇరుక్కుందా, లేక అతను దారిలోనే పడిపోయాడా, తీసే చెయ్యే లేదా. ఎనిమిది. కామేశం ఏదో గొణుగుతున్నాడు. పది దాటింది. ఆయన చెప్పిన హద్దు దాటింది. బకెట్టులో నీళ్లు ఒక పక్కకు ఒరిగాయి. చెప్పుల కింద నేల తడిమట్టిలా మెత్తబడింది. కాలనీ వైపు ఏదో గోడ కూలింది, ఎవరో ఆడమనిషి పెద్దగా అరిచింది. పన్నెండు. పదమూడు. అప్పుడు స్వరూపకు హఠాత్తుగా అర్థమైంది, అర్థమవగానే ఏడుపు పొంగుకొచ్చింది. ఆమె పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పద్నాలుగు. పదిహేను. పదహారు.

రోకలి పడింది.

నేల ఒక్కసారి అదిరి గట్టిబడింది. బకెట్టులో నీళ్లు మెల్లగా సమానమయ్యాయి. కామేశం కుర్చీలో కూలబడి, మళ్లీ ఎప్పుడమ్మా, ఎన్నేళ్లకమ్మా అని అడుగుతూనే ఉన్నాడు.

"ఇంక కలవవు సార్. ఎప్పటికీ కలవవు," అంది స్వరూప.

అది నిజం. ఆమె ముద్దుపడ్డ ఆ పెద్దంకె నాలుగు వందల ఏళ్ల తరువాతైనా ఊరిని ముంచేదే. ప్రధాన సంఖ్యలు ఎంత దూరంగా ఉన్నా ఒకనాటికి కలిసి తీరతాయి. అన్న పెట్టిన పదహార్లు, ఆ పదహారు సెకన్ల ఎడంతో, ఇక భూమి ఉన్నంతకాలం నాలుగూ ఒక్కసారి పడవు. కానీ ఆ గని తలుపు మళ్లీ తెరవడానికి లేదు. అతను లోపలినుంచి బిగించిన ఆ తలుపును పగలగొడితే మళ్లీ మూసుకోదు, దెబ్బ పైకి లేస్తుంది. ఓదెలును ఎవరూ పైకి తీసుకురాలేరు. అతని మీద పద్దెనిమిది నిమిషాలకోసారి ఆ రోకలి పడుతూనే ఉంటుంది. స్వరూప ఆ సంగతి తలచుకోకుండా ఉండాలని చూసింది, ఆమె వల్ల కాలేదు.

ఇంటికి నడిచి వచ్చేసరికి సరోజన గడపమీద కూర్చుని ఉంది. వాకిట్లో సగం గోడ కూలి ఉంది. ఎవరూ చెప్పకుండానే ఆమెకు తెలిసినట్టుంది. ఆడబిడ్డ వచ్చి పక్కన కూర్చుంది. కాసేపటికి కింద రోకలి పడి గూట్లో గిన్నెలు మోగాయి. అప్పుడు సరోజన అడిగింది.

"ఎంతసేపు పట్టుకున్నడు?"

ఒక్క సెకను చాలని చెప్పాను వదినె, పదహారు పట్టుకున్నాడు అని స్వరూప ఎలాగో చెప్పింది.

సరోజన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

"ఒక్కటియ్యమంటె ఒక్కటిచ్చే మనిషా ఆయన," అంది.